గడప బయట రాక్షసి బొగ్గు

నేను ఒక రాక్షసి బొగ్గు ముక్కని. కొబ్బరిచిప్పంత ఉంటాను. ఒక మూల విరిగింది. ఆ మూల విరిగిన ఉదయం ఒక ముసలామె చచ్చిపోవలసింది. ఆమెను కాపాడగలిగిన ఒకే ఒక్క మనిషి గుమ్మం బయట నిలబడి ఉంది. ఆ మనిషి లోపల కాలు పెట్టకూడదు. నా కథంతా ఆ గుమ్మం దగ్గరే ఉంది గానీ, అక్కడికి చేరాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మరీ వెనక్కి వద్దు. ఒకప్పుడు నేను చెట్టుని. బురదలో పడ్డాను, మీద కొండంత మట్టి పడింది, నల్లబడ్డాను. అందులో చెప్పుకోదగ్గ మలుపులేవీ లేవు. మొదటి మలుపు విల్ఫ్ పలుగుతో వచ్చింది.

విల్ఫ్ ఇంగ్లండు ఉత్తరాన డర్హమ్ ప్రాంతంలో గని కార్మికుడు. గని మూసేసిన రోజు ఆఖరి షిఫ్టు ముగించుకుని పైకి వస్తూ నన్ను కోటు జేబులో వేసుకున్నాడు. నేరుగా పొయ్యిలోకే అనుకున్నాను. బొగ్గుకి ఇంకేం భవిష్యత్తు ఉంటుంది? కానీ అతను నన్ను చలిమంట గూటి పైనున్న రాతి గట్టు మీద పెట్టాడు. "ఇది కాల్చకు నోరా. ఇది తొలి అడుగుది," అన్నాడు భార్యతో.

తొలి అడుగు అక్కడి ఆచారం. కొత్త సంవత్సరం పుట్టాక ఇంట్లోకి మొదట ఎవరు అడుగు పెడితే వాళ్లను బట్టే ఆ ఇంటికి ఆ ఏడాది. వచ్చేది మగవాడై ఉండాలి. జుట్టు నల్లగా ఉండాలి. చేతిలో బొగ్గు, రొట్టె, ఉప్పు ఉండాలి. విల్ఫ్ ఆరడుగుల మనిషి, జుట్టు నాకంటే నలుపు. ఒకే గోడకి అతుక్కున్న ఆ ఇళ్ల వరసలో ప్రతి ఇంటికీ అతనే కావాలి. నన్ను చేత్తో పట్టుకుని ప్రతి ఇంట్లోకీ వెళ్లేవాడు. అందరూ నన్ను కళ్లకద్దుకున్నంత పని చేసేవాళ్లు. మళ్లీ జేబులో వేసుకుని వచ్చేసేవాడు. గని పోయాక నాలాంటిది ఇంకోటి దొరకదు కదా.

జుట్టు నెరిశాక కూడా అతన్ని ఎవరూ మార్చలేదు. డిసెంబరు ముప్ఫై ఒకటిన నోరా అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి తలకి బూట్ పాలిష్ రాసేది. దేవుడు దూరం నుంచే చూస్తాడని వాళ్ల నమ్మకం కాబోలు.

ఒక ఏడు విల్ఫ్ మంచం మీంచి లేవలేకపోయాడు. ఆ జనవరి ఒకటిన ఇంట్లోకి మొదట వచ్చింది ఎర్రజుట్టు నర్సమ్మ. మంచి పిల్ల. ఇంజెక్షన్ చేసి, దిండు సర్ది వెళ్లింది. అదే నెలలో విల్ఫ్ పోయాడు. అతని జబ్బు సంగతి డాక్టర్లు ముందే చెప్పారు. నోరా మాత్రం డాక్టర్లు చెప్పింది మర్చిపోయింది. ఎర్రజుట్టుని మర్చిపోలేదు.

ఆ తరవాత వచ్చింది స్వరూప.

గోదావరి పక్కన బొగ్గు గనుల ఊరు ఆమెది. ముసలివాళ్ల ఇళ్లకు తిరిగి మందులు వేసే ఉద్యోగానికి ఆ దేశం వచ్చింది. నోరాకి షుగరు. రోజూ పొద్దున్నే వచ్చి, సూది వేసుకుందో లేదో, తిన్నదో లేదో చూడటం స్వరూప పని. మొదటిరోజే గట్టు తుడుస్తూ నన్ను చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది.

"ఓసినీ, రాక్షసి బొగ్గు! నువ్వేం జేస్తున్నవే ఈడ?" అంది.

నా పేరు అదని నాకు అప్పుడే తెలిసింది. నచ్చింది.

ఆ రోజు నుంచి తుడిచినప్పుడల్లా నాతో తెలుగులో మాట్లాడేది. నోరా ఆమె పేరు పలకలేక రూబీ అని పిలిచేది. "పేరు నోరా. పేరుకు తగ్గట్టు అంతా నోరే," అని స్వరూప నాకు చెప్పి నవ్వేది. ఒకరోజు మాత్రం నవ్వలేదు. తన మొగుడు రాజలింగు గనిలోకి నీళ్లొచ్చి పోయాడని, శవం కూడా దొరకలేదని చెప్పింది. చెల్లెలి కూతురి పెళ్లిలో పెళ్లికొడుకు వాళ్లు వస్తుంటే, "ఎదురు రాకే, లోపలికి పో" అని సొంత మేనత్తే తనను వెనక గదిలోకి తోసి గొళ్లెం పెట్టిందని చెప్పింది. "ఈడ మాత్రం ఎవ్వలకు చెప్ప," అంది. నోరా అడిగితే బొట్టు సర్దుకుని, "మా ఆయన గనిల ఉన్నడు," అని మాత్రమే అనేది.

ఆ ఏడాదంతా ఇద్దరూ పండగలు చేసుకున్నారు. ఈస్టరు ముందు ఉపవాసాలు మొదలయ్యే ముందురోజు ఇంట్లో ఉన్న గుడ్లూ పాలూ అవగొట్టడానికి అట్లు పోసుకుంటారు. స్వరూప పిండి గరిటె వెనకతో తిప్పి దోశలా పలచగా లాగితే, "నా అట్టుని ఇస్త్రీ చేశావేం పిల్లా?" అని నోరా గొడవ. ఈస్టరుకి ఉల్లిపొట్టుతో గుడ్లు ఉడకబెట్టి రంగు తెప్పించి, ఒకరి గుడ్డుతో ఒకరి గుడ్డు ఢీకొట్టి పందెం వేశారు. నోరా గెలిచింది. ఆమెది చెక్కతో చేసిన గుడ్డు అని స్వరూప కనిపెట్టడానికి సాయంత్రం పట్టింది. వేసవిలో గని కార్మికుల జాతర. గనులు లేకపోయినా జెండాలు, బ్యాండుమేళం ఉన్నాయి. జెండా మీద విల్ఫ్ గని పేరు చూసి నోరా ఏడిస్తే, స్వరూప ఆమెకంటే ఎక్కువ ఏడ్చింది. ఎందుకో నోరాకి తెలియదు, నాకు తెలుసు.

నవంబరు నాకు గండం. వందల ఏళ్ల కిందట రాజుని మందుగుండుతో పేల్చెయ్యబోయి దొరికిపోయిన వాడి బొమ్మను ఆ నెలలో వీధి వీధినా మంటల్లో వేస్తారు. బొమ్మకి పాత కోటు తొడిగి, కుర్చీలో ఊరేగిస్తుంటే స్వరూప కిటికీలోంచి చూసి, "మా నరకాసురుడు ఈడికొచ్చి కోటేసుకున్నడు!" అంది. మంటకి ఏమైనా ఇమ్మని పిల్లలు తలుపు కొట్టారు. ఒకడు నా వైపు వేలు చూపించాడు. నోరా విరిగిన స్టూలు తెచ్చి వాడి చేతిలో కుక్కి, "దాని జోలికొస్తే నిన్నే వేస్తాను మంటలో," అంది.

క్రిస్మస్‌కి పుడ్డింగు పిండిని తూర్పు నుంచి పడమరకి కలుపుతూ మనసులో కోరిక కోరుకోవాలి. స్వరూప ఏం కోరుకుందో చెప్పలేదు. నోరా గట్టిగానే కోరుకుంది. "ఈ ఏడు తొలి అడుగు సరైనది పడాలి. ఇంకొకటి తప్పితే నేను తట్టుకోలేను."

ఏర్పాట్లు చేసింది కూడా. రెండిళ్ల అవతల బస్సు డ్రైవరు కీత్. మగవాడు, జుట్టు నలుపు, సొంత నలుపు. పొద్దున్నే వస్తానని మాటిచ్చాడు. డిసెంబరు ముప్ఫై ఒకటి సాయంత్రం నోరా ఒక సాసరులో నన్నూ, రొట్టె ముక్కనూ, ఉప్పునూ పెట్టి గుమ్మం బయట పెట్టింది. తలుపు లోపల గడియ వేసుకుంది.

తెల్లారింది. కీత్ రాలేదు. రాత్రి తాగింది ఇంకా దిగలేదు.

స్వరూప వచ్చింది. తాళం తీసింది. తలుపు రాలేదు. తలుపుకి ఉత్తరాలు వేసే కంతలోంచి లోపలికి పిలిచింది.

"రూబీ! నువ్వా? ఆగు, లోపలికి రాకు!" నోరా అరిచింది. "ఇవాళ నువ్వు అడుగు పెట్టకూడదు. అరిష్టం!"

నేను గుమ్మం మీద ఉన్నాను కనుక స్వరూప ముఖం చూశాను. చెంపదెబ్బ తిన్నట్టు అయింది. మెట్టు మీద నా పక్కనే కూలబడింది.

"ఈడికి గూడ తెలిసిందా?" అంది నాతో, మెల్లిగా. "ఎవలు జెప్పిన్రే?"

నాకు నోరుంటే ఆ క్షణంలో అరిచేదాన్ని. ఇది ఆ అరిష్టం కాదే పిచ్చిదానా, ఇది వేరే అరిష్టం అని. నోరు లేదు.

లేచి వెళ్లిపోతుందనుకున్నాను. నిజంగానే రెండడుగులు వేసింది. మళ్లీ వెనక్కి వచ్చి కంతలోంచి అడిగింది. "సూది ఏసుకున్నవా?"

"వేసుకున్నాను."

"తిన్నవా?"

"కీత్ రొట్టె తెచ్చాకే తింటాను. ఏడాదిలో మొదటి ముద్ద అదే కావాలి."

స్వరూప ముఖంలో అవమానం పోయి ఇంకేదో వచ్చింది. షుగరు సూది పొడుచుకుని తినకపోతే షుగరు పడిపోయి మనిషి దక్కదని ఆమెకి తెలుసు. "అమ్మా, తలుపు తియ్యి. నేను రాను, ఈ రొట్టె లోపలికి అందిస్త, తిను," అంది.

"నువ్వు అందిస్తే... నువ్వే వచ్చినట్టు..." నోరా మాట తడబడింది. "విల్ఫ్... ఎంతసేపూ... కోటు వేసుకో, చలి..."

తరవాత దబ్బుమని చప్పుడు. తరవాత ఏమీ లేదు.

స్వరూప అంబులెన్సుకి ఫోన్ చేసింది. పండగరోజు, ఆలస్యమవుతుందన్నారు. కీత్ తలుపు బాదింది, అతను లేవలేదు. తిరిగొచ్చి గుమ్మం ముందు నిలబడింది. తలుపులో పై భాగం అద్దం. అద్దం వెనక గడియ. అద్దానికీ ఆమెకీ మధ్య ఒక్క మాట అడ్డంగా ఉంది. అరిష్టం.

"నేను కాలు పెడితే సస్తదంట," అంది నాతో. "పెట్టకున్నా సస్తది. నాకెందుకే ఈ భయం?"

నన్ను ఎత్తి అద్దం మీద కొట్టింది.

నా మూల విరిగింది అప్పుడే. చెట్టుగా ఉన్నప్పుడు పిడుగు చప్పుడు విన్నాను. దాని తరవాత అంత చప్పుడు అదే. పగిలిన సందులోంచి చెయ్యి పెట్టి గడియ తీసింది. మోచేయి కోసుకుంది. నన్ను పట్టుకునే లోపలికి దూకింది.

నోరా పొయ్యి దగ్గర పడి ఉంది. చెమట, వణుకు. కళ్లు తెరిచినా ఎవరినీ చూడటం లేదు. స్వరూప ఆమెను పక్కకి తిప్పి, జామ్ సీసా తెచ్చి, వేలితో కొంచెం కొంచెంగా చెంప లోపల రాసింది. "మింగు. మింగవే తల్లీ. నాకు ఇంకో చావు మోసే ఓపిక లేదు. మింగు."

నోరా మింగింది. మళ్లీ మింగింది. కాసేపటికి ఆ కళ్లు స్వరూప మీద నిలబడ్డాయి.

"ముందు ఎవరొచ్చారు?" అంది.

"నేనే."

"చేతిలో ఏమైనా ఉందా?"

"బొగ్గు."

నోరా ఆమె జడ వైపు చూసింది. "జుట్టు నలుపే. బొగ్గూ ఉంది. మీసం ఒక్కటే తక్కువ."

స్వరూపకి నవ్వు రాలేదు. ఇంతసేపూ బిగబట్టింది ఒక్కసారి తెగింది. "మొగుడు పోయినదాన్నని నీకెవలు జెప్పిన్రు? ఒక్క ఏడాది నీకు తినబెట్టిన గదా, ఆ మాట మొకం మీదనే అంటవా?"

నోరా తెల్లబోయింది. "మీ ఆయన పోయాడా? గనిలో ఉన్నాడన్నావుగా!"

"గనిలనే ఉన్నడు," అంది స్వరూప. "పైకి రాలే."

గని కార్మికుడి భార్యకి ఆ రెండు మాటలు చాలు. నోరా ఆమె చెయ్యి వెతికి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"పిచ్చి పిల్లా," అంది చివరికి. "నేనూ మొగుడు పోయినదాన్నేగా? నిన్ను రావద్దన్నది అందుకు కాదు. ఆడదానివని."

"అంటే? ఆడోళ్లంత అరిష్టమేనా?"

"అందరూ. నా ఇంట్లోకి నేను కూడా ముందు అడుగు పెట్టకూడదు."

స్వరూప మోచేతి నెత్తురు తుడుచుకుంది. "అయితే మా ఊరే నయం. మొగుడు పోయేదాకన్న ఆగుతరు."

ముందు ఎవరు నవ్వారో నాకు గుర్తులేదు. అంబులెన్సు వాళ్లు వచ్చేసరికి ఇద్దరూ నేల మీద కూర్చుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ ఏడుస్తున్నారు. వచ్చినవాళ్లిద్దరూ మగవాళ్లు, ఇద్దరి జుట్టూ పసుపే. నోరా పట్టించుకోలేదు. విరిగిన నా మూలను మాత్రం వెతికించి పొయ్యిలో వేయించింది. నాలో అంతమేరకు మండింది. అంబులెన్సు వాళ్లిద్దరికీ దాని మీదే టీ కాగింది.

మేనత్త "ఎదురు రాకే" అని గొళ్లెం పెట్టిన సంగతి కూడా స్వరూప నోరాకి చెప్పింది. నోరా ఆ ఏడంతా బాగానే ఉంది. ఆమె నోరు సంగతి చెప్పాను కదా. తొలి అడుగు నల్లజుట్టు ఆడమనిషిదైతే ఎంత గొప్పదో వరసలో ప్రతి గుమ్మం దగ్గరా చెప్పింది. అరిష్టమని అరిచింది ఎవరో మాత్రం ఎక్కడా చెప్పలేదు. మనుషుల ఆచారాలు రాతి మీద చెక్కినవని నేను భయపడేదాన్ని. నోరా లాంటివాళ్లు పూనుకుంటే అవి నాకంటే సులువుగా విరుగుతాయి.

మళ్లీ జనవరి ఒకటి వచ్చింది. నేను సాసరులో ఉన్నాను, పక్కన రొట్టె, ఉప్పు. ఈసారి తలుపు గడియ లేదు. వరసలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. "ఇక్కడయ్యాక మా ఇంటికే!" అని కీత్ అరిచాడు, ఈసారి తాగకుండా.

స్వరూప వంగి నన్ను చేతిలోకి తీసుకుంది. చీర కట్టుకుంది, చలికి వణుకుతోంది. గడప ముందు ఆగిపోయింది. వెనక గది, గొళ్లెం, మేనత్త చెయ్యి, అన్నీ ఆమె వేళ్లలోంచి నాకు తెలిశాయి.

లోపల నోరా కర్ర పట్టుకుని నిలబడి ఉంది. నెల రోజులుగా దొంగచాటుగా నాకే చెబుతూ సాధన చేసిన రెండు తెలుగు మాటలు, నాలిక తిరక్కపోయినా, వీధి వీధంతా వినేలా అంది.

"ఎదురు రా!"

స్వరూప కళ్లు తుడుచుకుంది.

"వస్తున్న. జరుగుండ్రి," అని కుడికాలు లోపల పెట్టింది.