మన ఊరి కౌన్సిల్

ట్రాక్టర్ గుంజేసరికి డెస్మండ్ ఇల్లు నడుం దగ్గర విరిగింది. పాత కారవాన్, చక్రాల బండి మీద ఇల్లు. ఆ చక్రాలు ఎప్పుడో నేలలో కూరుకుపోయాయి. రంపపు మిల్లులో జీవితమంతా దుంగలు మోసిన మనిషి, ఒంటి మీద బనీనుతోనే నిలబడి, రోడ్డు మీద దొర్లుతున్న తన గిన్నెలు ఏరుకుంటున్నాడు. పక్క కారవాన్లో ఉండే నోరీన్ చూసింది. కరీలా బే కారవాన్ పార్కులో జనమంతా చూశారు.

"ఎవడిచ్చాడు ఆర్డరు?" అని అరిచింది నోరీన్.

"రాజధాని నుంచి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఆర్డరు," అన్నాడు పోలీసు.

సముద్రం ఎదురుగా ఉన్న వరసంతా పోయింది. అక్కడ సిడ్నీ బిల్డరెవరో హోటల్ కడతాడట. పార్కులో ఎవరి కారవాన్ వాళ్లదే. కింద నేల మాత్రం ప్రభుత్వానిది.

ఆ సాయంత్రం బట్టలుతికే షెడ్డులో మీటింగు. గ్లెనిస్ వాషింగ్ మెషీన్ మీదికెక్కింది. చేపల ఫ్యాక్టరీలో నోరీన్ పక్కన నిలబడి చేపల పొట్టలు చీరిన పిల్ల. ఈ పార్కులోనే పుట్టింది. తల్లి మెర్ల్ ఇంకా ఇక్కడే ఉంటుంది.

"మన నేల సంగతి రాజధానిలో కూర్చున్నవాడికేం తెలుసు? ఈ నేల మీద అధికారం మన ఊరి కౌన్సిల్‌కి రావాలి! కౌన్సిల్లో మనవాళ్లుండాలి!"

షెడ్డు దద్దరిల్లింది.

హైవే మీద బైఠాయించారు. మిల్లు వాళ్లు పని ఆపారు. కాలేజీ పిల్లలు కనబడ్డ గోడ మీదల్లా నినాదాలు రాశారు. నోరీన్ మోకాళ్లు వాచేదాకా ఇల్లిల్లూ తిరిగి గ్లెనిస్‌కి ఓట్లడిగింది. గ్లెనిస్ కౌన్సిల్‌కి గెలిచింది. ప్రభుత్వం దిగొచ్చింది. అధికారం కౌన్సిల్ చేతికొచ్చింది. ఆ రోజు పార్కులో సాసేజీలు కాల్చుకుని, బీరు తాగి, గ్లెనిస్‌ని భుజాల మీద ఊరేగించారు.

చలికాలం రాకముందే కౌన్సిల్ కూర్చుంది. పార్కులో మిగిలిన నేలలో అపార్టుమెంట్లు కట్టించాలట. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాడు మేయరు.

గ్లెనిస్ చెయ్యెత్తింది.

పొరపాటున ఎత్తిందనుకుంది నోరీన్. "అమ్మాయ్, దించు," అంది జనంలోంచి. గ్లెనిస్ ఇటు తిరగలేదు. చెయ్యీ దించలేదు.

నోరీన్ ఆమెని బయట మెట్ల మీద పట్టుకుంది.

"ఊళ్లో కుర్రాళ్లకి పనులు దొరకాలి కదా నోరీన్. లోపలికొస్తేగానీ తెలీదు, అంత తేలిక్కాదు. మీకూ కొన్ని ఫ్లాట్లు ఇప్పిస్తా."

"'మీకూ' అంటున్నావు. మొన్నటిదాకా 'మనకి' అనేదానివి."

నోరీన్‌కి ఏడుపు రాలేదు. మెట్లు దిగి నేరుగా పార్కుకి నడిచింది.

షెడ్డులో ఒకటే గోల.

"ఆ అధికారమేదో మళ్లీ రాజధానికే ఇచ్చేద్దాం," అన్నాడు డెస్మండ్. "వాడు నయం. ముద్దుపెట్టి మరీ పొడవలేదు!"

టాంగా దీవుల నుంచి వచ్చి తోటల్లో పళ్లు కోసే టవీటా లేచాడు. "ఏ చెంప మీద కొట్టించుకుందామనా మీ గొడవ?"

నవ్వబోయి ఆగిపోయారు.

"అధికారం దగ్గరికొస్తే చాలనుకున్నాం," అంది నోరీన్. "తెచ్చి ఒకదాని చేతిలో పెట్టి ఇళ్లకెళ్లి పడుకున్నాం. ఇక ఎవరికీ అప్పజెప్పేది లేదు. వాళ్లెక్కడ కూర్చుని నిర్ణయిస్తే అక్కడ మనమూ కూర్చుందాం. మనం సరేననకుండా ఈ నేలలో మేకు కూడా దిగకూడదు!"

ట్రాక్టర్లు వచ్చేసరికి గేటుకి అడ్డంగా జనం, చేతికి చెయ్యి మెలేసుకుని. పోలీసులు ముందు నోరీన్‌ని ఈడ్చారు. గ్లెనిస్ పరిగెత్తుకొచ్చింది.

"ఆమెని వదలండి. వాళ్ల తరఫున నేను మాట్లాడతా!"

"నా తరఫున నువ్వు మాట్లాడింది చాలు," అంది నోరీన్.

పోలీసు బండి జాలీలోంచి చూసింది. తనని లాగేసిన చోట, చేతికర్ర పక్కన పడేసి, మెర్ల్ చతికిలబడుతోంది.

"అమ్మా, లే. నీకు ఊళ్లో ఫ్లాటు చూశాను కదా!"

"వీళ్లందరికీ చూశావా?"

గ్లెనిస్ వంగి తల్లి చేతికర్ర అందుకోబోయింది.

"అయితే పక్కకి జరుగు," అంది తల్లి. "నీ వెనకాల మిల్లు వాళ్లొస్తున్నారు. కూర్చోడానికి చోటు కావాలి."