వెర్మాంట్ పద్ధతి గ్రామసభ

వెర్మాంట్ మీద మా అమ్మాయి హారతి చేసిన ప్రాజెక్టుకి స్కూల్లో మొదటి బహుమతి వచ్చింది. చేసింది నేనే. తొమ్మిదో తరగతి పిల్లలతో చీటీలు తీయించి, ఒక్కొక్కరికి ఒక్కో అమెరికా రాష్ట్రం అంటగట్టారు. దాని స్నేహితురాళ్ళకి సినిమా స్టూడియోలు, ఎత్తైన మేడలు ఉన్న రాష్ట్రాలు దొరికాయి. దీనికి ఆవులు, పొలాలు, మంచు ఉన్న రాష్ట్రం వచ్చింది. ఊళ్ళు, సరస్సులు, ప్రభుత్వం, చరిత్ర అని నాలుగు శీర్షికలు. హారతి రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు చార్టు నా ముందు పడేసి ట్యూషన్‌కి వెళ్ళిపోయింది.

కుక్కర్ కూత వేసేలోగా నేను ఆ రాష్ట్రంలో సగం చదివేశాను. మొత్తం కలిపి ఆరున్నర లక్షల మంది, మా బళ్ళారి జిల్లాలో సగం కూడా కాదు. రాజధానిలో ఎనిమిది వేల మంది ఉంటారట. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు రోడ్డు దాటడానికి నిలబడితే అంతమంది మన ముందు నుంచే పోతారు. ఒకప్పుడు అటు న్యూయార్కు, ఇటు న్యూహ్యాంప్‌షైర్ మాదంటే మాదని లాగితే, మీరిద్దరూ వద్దుపొమ్మని పద్నాలుగేళ్ళు సొంత దేశంగా ఉన్నారు. మా బళ్ళారినీ ఆంధ్ర, మైసూరు అని ఇద్దరు లాగారు కానీ, మేము ఎవరినీ పొమ్మనలేదు. వాళ్ళ చాంప్లెయిన్ సరస్సుకి ఢిల్లీలాంటి వాళ్ళ పెద్ద ప్రభుత్వం ఒకసారి మహా సరస్సు హోదా ఇచ్చి, పద్దెనిమిది రోజులకే వెనక్కి తీసుకుంది. అది చదివాక ఆ రాష్ట్రం మా పక్క తాలూకాలా అనిపించింది.

అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్ళ ఊరి సభ. మార్చి నెల మొదటి మంగళవారం ఊళ్ళోవాళ్ళు ఒక హాల్లో కూర్చుంటారు. రోడ్డుకి కంకర వెయ్యాలా, ఫైరింజను కొనాలా, అన్నీ అక్కడే మాట్లాడి, చేతులెత్తి తేల్చుకుంటారు. మధ్యలో భోజనాలు. ఎవరి మొగుడూ ఎవరి తరఫునా రాడు.

ఈ చివరి మాట నేను చార్టులో రాయలేదు. నేను మా పంచాయతీలో మెంబరుని. మహిళా రిజర్వేషన్ వచ్చినప్పుడు మా ఆయన రాఘవేంద్ర నా పేరు వేశాడు, నేను గెలిచాను, ఆయన మీటింగులకి వెళ్తున్నాడు. మా వైపు ఇది వింతేమీ కాదు. నాతో గెలిచిన మిగతా ఆడవాళ్ళని నేను పెళ్ళిళ్ళలో తప్ప చూడలేదు. మీటింగు పుస్తకం మాత్రం ఇంటికి వస్తుంది. పెనం మీద దోసె తిప్పి, చెయ్యి తుడుచుకుని సంతకం పెడతాను.

ప్రాజెక్టుకి బహుమతి వచ్చిన వారమే సుంకలమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. చెరువు కట్ట కింద ఆమెకి మూడెకరాల పొలం ఉంది. ఎప్పుడూ మిరపకాయలో వంకాయలో ఒళ్ళో పోసుకుని వచ్చే మనిషి, ఆ రోజు ఉత్త చేతులతో వచ్చింది.

"ఏంది సౌందర్యమ్మా, చెరువు కంపెనీకి రాసిచ్చినావంట?"

"నేనా? ఎవరు చెప్పినారు?"

"మా మౌనేష్ పంచాయతీలో కాయితం చూసొచ్చినాడు. ఖనిజం పోసుకునే యార్డుకి చెరువు ఇచ్చేదానికి ఒప్పుకుంటామని ఠరావు. నీ పేరుండాది, నీ సంతకముండాది. చానా గుండ్రంగా ఉండాదంట."

ఎన్నో దోసె మీద ఆ తీర్మానానికి సంతకం పెట్టానో, నాకు గుర్తులేదు.

"చెరువులో నీళ్ళుంటేనే నా బోర్లో నీళ్ళు. అది పూడిస్తే నేను ఏం తినల్ల? నీకు చదువుండాదని ఓటేస్తిమి. చదివే పెట్టినావా?"

చదవలేదని చెప్పడం కంటే చదివే పెట్టానని చెప్పడం తక్కువ సిగ్గేమో అని ఒక్క క్షణం ఆలోచించాను. తర్వాత నిజమే చెప్పాను.

మర్నాడు ఆమె చెల్లెలి కొడుకు మౌనేష్ వచ్చాడు. బళ్ళారి కోర్టులో ఒక పెద్ద లాయరు దగ్గర జూనియరు.

"అక్కా, ఇది చానా సులభం. గ్రామసభ జరగలేదు. పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు చేయించినారు. మీరు ఆ మాటొకటి రాసిస్తే చాలు. కోర్టులో ఈ ఠరావు రెండు వాయిదాలు నిలవదు."

అప్పుడే రాసివ్వాల్సింది. రాస్తే పుస్తకం ఇంటికి తెచ్చిన మనిషి పేరూ రాయాలి, ఆ మనిషి లోపల స్నానం చేస్తున్నాడు. అదొక్కటే అయితే నన్ను నేను పిరికిదాన్ని అనుకుని ఊరుకునేదాన్ని. కానీ నా బుర్రలో అప్పటికి వెర్మాంట్ ఉంది.

"కోర్టెందుకప్పా? పద్ధతిగా గ్రామసభ పెట్టిద్దాం. ఊరందరినీ పిలుద్దాం. సొంత చెరువు పూడ్చుకుంటామని ఎవరు చెయ్యెత్తుతారు?"

మౌనేష్ తల అడ్డంగా ఊపాడు. "అక్కా, ఇది మన ఊరు."

"మన ఊరనే చెప్తాండా."

మా ఆయనతో పెద్ద గొడవ అవుతుందని కొంగు బిగించుకుని చెప్పాను. ఆయన తల తుడుచుకుంటూ, "ఓస్, అంతే గదా? పెట్టిద్దాంలే. నీ మాట ఎప్పుడు కాదన్నా?" అన్నాడు. పదహారేళ్ళ కాపురంలో ఆయన అంత తొందరగా ఒప్పుకున్నది అదే మొదటిసారి. అనుమానించాల్సింది పోయి, పప్పులో ఇంకో గరిటె నెయ్యి వేశాను.

పంచాయతీ అధికారి పీడీవో మాత్రం, ఊరికే తలనొప్పని కన్నడం కలిపి గొణిగాడు. "మేడం, రూల్స్ ప్రకారం అంటే నోటీసు, దండోరా, కోరం, వీడియో... సుమ్నె తలనోవు."

"అన్నీ ఉండల్ల సార్."

అన్నీ చేయించాను. నోటీసు కన్నడంలో ఆయన రాస్తే, తెలుగులో నేను రాశాను. దండోరా వేసేవాడి వెంట రెండు వీధులు నేనే నడిచాను. ఆడవాళ్ళని ఇంటింటికీ వెళ్ళి పిలిచాను. "అంతమందిలో మేమేం మాట్లాడతామమ్మా?" అంటే, "మాట్లాడొద్దు, చెయ్యెత్తండి చాలు" అన్నాను.

సభ రోజు బడి ఆవరణ నిండిపోయింది. షామియానా, కుర్చీలు, పులియోగరె పొట్లాలు, మజ్జిగ అన్నీ ఉన్నాయి. ఎవరు పెట్టారని అడిగితే పీడీవో ఆకాశం వైపు చూశాడు. ముందు వరసలో యార్డు తాలూకు మనిషి ఒకడు ఫోను స్టాండు మీద నిలబెట్టి జనం వైపు తిప్పుకున్నాడు.

"రికార్డు కోసం మేడం. మీరే అడిగినారంట గదా."

నేను లేచి మాట్లాడాను. చెరువుకీ బోర్లకీ ఉన్న సంబంధం చెప్పాను. ఖనిజం ఎర్రమట్టి నీళ్ళలోకి ఎట్లా దిగుతుందో చెప్పాను. వెర్మాంట్‌లో కూడా రాతి గనుల ఊళ్ళు ఉన్నాయని, అక్కడ రాయి చెక్కినవాళ్ళు దుమ్ముకి ఊపిరితిత్తులు చెడి చచ్చిపోయారని చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. వెనకనుంచి ఎవరో, "వెర్మాంటు యాడొస్తాదక్కా, రాయచూరు దాటాకనా?" అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను.

యార్డు మనిషి రెండే మాటలు చెప్పాడు. ఊళ్ళో ఉన్న ప్రతి టిప్పరుకీ పని. గేటు దగ్గర ఉద్యోగాలు ఊరివాళ్ళకే.

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు పీడీవో.

మొదటి చెయ్యి మా ఆయనది. మాకు రెండు టిప్పర్లు ఉన్నాయి. ఆ వరసలో లారీలవాళ్ళందరూ ఎత్తి, కుర్చీల్లోనే వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళు చూసిన వరస ఎత్తింది. ఆ వరస మళ్ళీ వెనక్కి చూసింది. "ఎత్తండమ్మా, చేతులు నొప్పా?" అని ఎవరో కేకేశారు. నేను ఇంటింటికీ వెళ్ళి పిలుచుకొచ్చిన ఆడవాళ్ళు నా మొహం వైపు చూడకుండా ఎత్తారు. మాట్లాడొద్దు, చెయ్యెత్తండి చాలు అని చెప్పింది నేనే కదా.

సుంకలమ్మ కొడుకు తిప్పేశ్ తల వంచుకుని ఎత్తాడు.

"దించురా" అంది సుంకలమ్మ.

"ఊరుకోమా. చూస్తాండారు."

వద్దన్నవాళ్ళం పద్నాలుగు మంది. లెక్కలో తప్పు రాకూడదని నేనే రెండుసార్లు లెక్కపెట్టాను. రెండోసారి లెక్కపెడుతుంటే నాకు గుర్తొచ్చింది, వెర్మాంట్ సభలో ఏడుగురు లేచి అడిగితే చాలు, చేతులు దించేసి చీటీలు వెయ్యాల్సిందే. ఎవరు ఏం వేశారో ఎవరికీ తెలియదు. చదివాను. చార్టులో థర్మకోల్ సరస్సు పెద్దదైపోయి, ఆ వాక్యానికి చోటు మిగల్లేదు. పద్నాలుగు మందిమి ఉన్నాం, ఏడుకి రెండింతలు. అడగాలని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అప్పటికి పీడీవో ఫలితం చదివేశాడు, జనం పులియోగరె దగ్గరికి లేచిపోయారు. చీటీలైతే చెరువు మిగిలేదా అంటే, ఏమో. తిప్పేశ్ చెయ్యి మాత్రం వాళ్ళమ్మ పక్కన అంత బరువుగా లేచేది కాదు.

మౌనేష్‌కి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"ముందటి ఠరావు ఉఫ్ అంటే ఎగిరిపోయేదక్కా. ఇప్పుడుండేది నోటీసుతో, కోరంతో, వీడియోతో ఉండాది. ఏ కోర్టుకి పోయినా కదలదు. ఇంత గట్టిగా వాళ్ళ లాయరు కూడా చేసిచ్చుండడు."

ఆ సాయంత్రం మా ఆయన మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. "నువ్వు చెప్పినట్టే చేస్తిమి గదే, ఇంకా ఏంది ఆ మొగం?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. బజ్జీలు నాలుగు తిన్నాను.

నెల తిరక్కుండా టిప్పర్లు కట్ట తెగ్గొట్టుకుని దిగాయి. వాటిలో మావి రెండు. ఎండలు ముదిరేసరికి చెరువున్న చోట ఎర్రటి గుట్టలు లేచాయి, సుంకలమ్మ బోరు గంట పోసి అరగంట ఆగడం మొదలుపెట్టింది. తర్వాత ఆగడమే పనిగా పెట్టుకుంది.

బోరులోంచి మోటారు తీసేస్తున్నారని తెలిసి వెళ్ళాను. మూడు కర్రలు కట్టి, కప్పీ వేసి, పైపులు ఒక్కొక్కటే పైకి లాగుతున్నారు. తిప్పేశ్ గేటు డ్యూటీకి నీలం యూనిఫాం వేసుకునే వచ్చి లాగుతున్నాడు, టైం అవుతోందని తొందరపెడుతున్నాడు. పొలంలో టమాటా మొక్కలు నిలబడి ఎండిపోయాయి. నేను గట్టు మీద నిలబడ్డాను.

సుంకలమ్మ నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే పడదామనే వచ్చాను.

"మోటారు కొనేవాడు మధ్యాన్నం వస్తాడు" అంది. "జారుతాంది, ఆ కొస పట్టుకోమ్మా."

పట్టుకున్నాను.