వేటగాడి ఇంట్లో పోపు

"ఇవాళ్టి నుంచి ఇంట్లో పోపు పెట్టకు రాగిణీ," అన్నాడు సాకేత్.

అప్పటికే పోపు గరిటెలో నూనె కాగి ఆవాలు చిటపటలాడుతున్నాయి. ఎండుమిరపకాయలు తుంచి వేసి ఇంగువ డబ్బా మూత తీస్తున్నదాన్ని, సరదాకి అంటున్నాడనుకుని నవ్వాను. అతను నవ్వలేదు. ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. అందులో గడ్డం పెంచుకున్న ఒకాయన అడవిలో నిలబడి జింక ముక్కు గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. "విన్నావా? దాని ముక్కు ముందు మన ముక్కు ఎందుకూ పనికిరాదు. బట్టలకి ఇంగువ వాసన పట్టిందంటే అంత దూరం నుంచే పసిగట్టేస్తుంది. డిసెంబరు దాకా ఓపిక పట్టు. సీజన్ అయ్యాక నీ ఇష్టం," అన్నాడు. నా వంటింట్లో నా ఇష్టం డిసెంబరు తర్వాత మొదలవుతుందన్నమాట. స్టవ్ కట్టేశాను. ఆ పూట ముగ్గురం చప్పిడి పప్పు తిన్నాం. మా అమ్మాయి ధరణికి తొమ్మిదేళ్ళు. ఒక ముద్ద తిని, "అమ్మా, దిస్ టేస్ట్స్ లైక్ నథింగ్," అంది.

సాకేత్ వేటలోకి దిగింది ఊరికే సరదాకి కాదు. మార్కమ్‌లో అతను పనిచేసే కంపెనీలో మేనేజర్ పేరు డగ్. డగ్‌కి పీటర్‌బరో అనే ఊరు దాటాక కొంత అడవి భూమి ఉంది. టీమ్‌లో మగవాళ్ళు చాలామంది ఏటా ఆకులు రాలే కాలంలో అతనితో జింకల వేటకి పోతారు. "లంచ్‌లో వాళ్ళంతా అదే మాట్లాడుకుంటారు రాగిణీ. నేను గోడలాగా కూర్చుంటా," అన్నాడొకరోజు. నాకు జాలేసింది. వెళ్ళు, నేర్చుకో అన్నాను. తుపాకీ లైసెన్సుకి వేరే కోర్సు, వేరే పరీక్ష, బోలెడు సమయం పడుతుందని, తుపాకీలా గురిపెట్టి బాణం వదిలే క్రాస్‌బోతో మొదలుపెడతానన్నాడు. దానికీ వేట కోర్సు చదవాలి, పరీక్ష రాయాలి. చదువు మాత్రం ఇద్దరిదీ. నేను అంట్లు తోముతుంటే అతను కౌంటర్ మీద లాప్‌టాప్ పెట్టి, "నువ్వు క్వశ్చన్లు అడుగు, నేను ఆన్సర్ చెప్తా," అనేవాడు. నేను తడిచేత్తో పేజీలు తిప్పుతూ అడిగేదాన్ని. అతను తప్పు చెప్పేవాడు. నేను సరిచేసేదాన్ని. బాణం వదిలే ముందు జంతువు వెనకాల ఏముందో చూడాలనీ, చెట్టు మీద కూర్చునేవాడు ఒంటికి రక్షణ బెల్టు లేకుండా ఎక్కకూడదనీ, గాలి మన వైపు నుంచి జంతువు వైపు వీచేచోట కూర్చుంటే ఆ రోజు దండగేననీ నాకు కంఠతా వచ్చేసింది. అతను పాసయ్యాడు. ఆకుల రంగు టోపీ పెట్టుకుని ఫొటో దిగి, "పాస్డ్ ఇన్ ఫస్ట్ అటెంప్ట్" అని పెట్టుకున్నాడు. ఆ ఫొటో తీసింది కూడా నేనే.

ఇక వేట బట్టలు! వాటికున్న నిష్ఠ మా నానమ్మ మడిబట్టకి కూడా ఉండేది కాదు. వాటిని మామూలు సబ్బుతో ఉతకకూడదు. వంటసోడాతో విడిగా ఉతకాలి. డ్రయర్‌లో వెయ్యకూడదు, ఇంటి వెనక చెక్కల డెక్ మీద గాలికి ఆరెయ్యాలి. ఆరాక చేత్తో కాకుండా గ్లవ్స్‌తో మడిచి, ఎండుటాకులు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గరాజ్‌లో ఉంచాలి. ధరణి ముట్టుకోకూడదు. ఇవన్నీ అతను చెప్పేవాడు, నేను చేసేదాన్ని. నేనూ ఉద్యోగం చేస్తాను. నార్త్ యార్క్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసు, వారానికి మూడు రోజులు అక్కడికి, మిగతా రెండు రోజులు ఇంట్లోంచే. ఇంట్లోంచి చేసే ఆ రెండు రోజుల్ని సాకేత్ "నీకు ఖాళీగా ఉన్న రోజులు" అంటాడు. మీటింగ్‌లో మైక్ మ్యూట్ చేసి అతని మడిబట్టలు ఆరేసిన రోజులు నాకు బాగా గుర్తు.

దసరా వచ్చింది. అమ్మవారికి పులిహోర పెట్టాలి. పోపు లేని పులిహోర ఏ అమ్మవారు తింటుంది? అడిగితే సాకేత్‌కి వెంటనే ఉపాయం తట్టింది. క్యాంపింగ్ స్టవ్ ఒకటి పట్టుకొచ్చి డెక్ మీద పెట్టాడు. "ఇక్కడ పెట్టుకో, ఎవరూ వద్దనరు," అన్నాడు, ఏదో వరం ఇచ్చినట్టు. అప్పట్నించీ చారు కాగినా, పెరుగుపచ్చడి చేసినా, గరిటె పట్టుకుని బయటికి నడక. గాలికి మంట ఆరిపోతుంది. వొంటి మీద జాకెట్, కాళ్ళకి బూట్లు, చేతిలో పోపుల పెట్టె. పక్కింటి ముసలాయన కంచె మీంచి చూసి చెయ్యి ఊపేవాడు. ఇంటిల్లిపాదికీ వండేదాన్ని, ఇంటి బయట నిలబడి వండాను. మా అత్తయ్య హాలిఫాక్స్‌లో పెద్ద కొడుకు దగ్గర ఉంటారు. వీడియో కాల్‌లో నా అవతారం చూసి నవ్వారు. "మగాడికి ఒక సరదా ఉండద్దటమ్మా? రెండు నెలలు సర్దుకోలేవూ? మా రోజుల్లో వంటిల్లు దొడ్లోనే ఉండేది," అన్నారు. ఆ రోజుల్లోంచి ఆవిడ బయటపడ్డది ఎవరి కోసమట? మళ్ళీ నన్ను అందులోకి తొయ్యడానికా? పైకి మాత్రం "అవునత్తయ్యా, గరిటె కాలుతోంది," అని ఫోన్ పెట్టేశాను.

వారాంతాలన్నీ అతను అడవిలో. తెల్లారకముందే అలారం కొడితే లేచేది నేను. ఫ్లాస్కులో కాఫీ, వాసన లేని బ్రెడ్డు ముక్కలు కట్టిచ్చి పంపేదాన్ని. సాయంత్రం ఖాళీ చేతుల్తో వచ్చి సోఫాలో వాలి, "ఎంత పీస్‌ఫుల్‌గా ఉందో తెలుసా రాగిణీ! చెట్టు మీద పొద్దుటంతా కదలకుండా కూర్చున్నా. ఫోన్ లేదు, పిలిచేవాడు లేడు. ఆకు రాలితే వినిపిస్తుంది," అనేవాడు. అది వింటే నాకొచ్చేది మొదట కోపమనుకున్నాను. కాదు, అసూయ. పెళ్ళయ్యాక నన్ను ఎవరూ పిలవని పొద్దు ఒక్కటైనా ఉందా? బాత్రూమ్‌లో ఉంటే తలుపు అవతలి నుంచి "అమ్మా" అని, "రాగిణీ, నా బ్లూ షర్ట్" అని. కారులో ఉంటే ఫోన్. గుడిలో కళ్ళు మూసుకుంటే ప్రసాదం సంగతి. నేను ఏ పనీ లేకుండా రెండు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడితే, "ఏంటి, ఒంట్లో బాలేదా?" అని అడుగుతారు. ఆడది ఊరికే కూర్చుంటే జబ్బు, మగాడు ఊరికే కూర్చుంటే వేట. దానికో టోపీ, దానికో కోర్సు, దానికి గవర్నమెంటు ఇచ్చిన లైసెన్సు. అడవిలో ఏం జరుగుతుందో నాకు తెలియదు గానీ, ఆ కూర్చోవడం మాత్రం నాకు కావాలి. ఆకలేసినట్టుగా కావాలి.

క్రిస్మస్ ముందు శనివారం డగ్‌నీ అతని భార్య లిండానీ భోజనానికి పిలిచాడు సాకేత్. ఆ ఏడు అతనికి జింక తోక కూడా కనిపించలేదు. నేను మంచులో నిలబడి పప్పుకీ చారుకీ వంకాయకీ పోపులు పెట్టుకొచ్చాను. డగ్ రెండోసారి పప్పు వేయించుకున్నాడు. సాకేత్ ఊరుకోవచ్చుగా! "మీరు తింటున్నది జింకల్ని కాపాడిన వంట. పోపులు ఇంటి బయట పెట్టించినా, మా ఆవిడ మసాలా వాసనకే ఒక్కటీ నా దగ్గరికి రాలేదు. చుట్టుపక్కల జింకలన్నీ ఈవిడకి థాంక్స్ చెప్పుకోవాలి," అన్నాడు ఇంగ్లీషులో. తనే ముందు నవ్వాడు. చలికి పగిలిన నా వేళ్ళు ఇంకా మండుతున్నాయి.

"సాకేత్, నువ్వు చెట్టెక్కినప్పుడు గాలి ఎటు నుంచి వీచేది?" అని అడిగాను.

అతనికి అర్థం కాలేదు. డగ్‌కి అయింది. ఫోర్క్ కింద పెట్టి పెద్దగా నవ్వాడు. "వీపు మీంచి! నేను ఎన్నిసార్లు చెప్పానో! అవతలి చెట్టెక్కమంటే అది ఎక్కడం కష్టమని ఎప్పుడూ ఆ చెట్టే. ఆ గాలికి నేను కూర్చున్నా జింక రాదు," అన్నాడు. లిండా నా వైపు తిరిగింది. "మేం క్యాంపులో రోజూ పొద్దున బేకన్ వేయిస్తాం, ఉల్లిపాయలు వేయిస్తాం. ఆ బట్టలతోనే వెళ్తాం. మిమ్మల్ని బయట వండమన్నదెవరు?" అంది. ఆమె కూడా చిన్నప్పటి నుంచీ వేటాడుతుందట. ఆ సంగతి సాకేత్ నాకెప్పుడూ చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక అంట్లు సింకులో వేస్తుంటే వచ్చాడు. "నలుగురిలో నా పరువు తీశావు," అన్నాడు. నా పరువు పప్పుతో పాటు వడ్డించింది తనేనని గుర్తులేదు. నేను గొడవ పెంచలేదు. "సీజన్ అయిపోయినట్టేగా. రేపట్నించి లోపలే పోపు పెడతా," అన్నాను.

"ఎందుకు? ఇలాగే కంటిన్యూ చేద్దాం. ఇల్లు ఎంత ఫ్రెష్‌గా ఉందో చూడు. ఆఫీసులో నా కోటు పక్కన కోటు తగిలించాలన్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు."

చేతిలో గిన్నె అలాగే పట్టుకుని అడిగాను. "ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"అనలేదు. అనకముందే మనం జాగ్రత్త పడాలి కదా."

ఎవరూ అనలేదు. ఎవరూ అనని మాట కోసం నేను చలిలో నిలబడ్డాను. జింక ముక్కు పేరు చెప్పి, నా చేతి వంటని, నా జుట్టులో వాసనని, మా అమ్మ దగ్గర నేర్చుకున్నదాన్నంతా గుమ్మం బయట నిలబెట్టాడు. సిగ్గుపడితే పడ్డాడు, పోనీ. ఈ దేశంలో వాసనొస్తున్నానని ఎవరేమంటారోనన్న భయం నాకూ ఉంది. ఎలివేటర్‌లో ఎవరైనా ఎక్కితే నేనూ వెనక్కి జరిగేదాన్నే. "నాకు భయంగా ఉంది రాగిణీ," అని ఉంటే పక్కన కూర్చుని మాట్లాడేదాన్ని. అలా అనలేదు. అతని భయం అతని దగ్గరే ఉంచుకుని, చలి మాత్రం నాకిచ్చాడు. ఒళ్ళు మండిపోయింది. గిన్నె సింకులో పడేసి మేడెక్కి పడుకున్నాను. ఆ అంట్లు తెల్లారినా అక్కడే ఉన్నాయి.

మర్నాడు వంటింట్లోనే పోపు పెట్టాను. అతను గొణిగాడు గానీ వద్దనలేదు. అక్కడితో ఆగిపోయి ఉండేదాన్నేమో. జనవరిలో లిండా దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. గాలి సంగతి ఎక్కడ నేర్చుకున్నావు, వేటకి వస్తావా, కొత్తగా నేర్చుకునే ఆడవాళ్ళని నేను తీసుకెళ్తాను అని. సాకేత్‌కి చూపిస్తే పడీ పడీ నవ్వాడు. "నువ్వా? రక్తం చూస్తే తట్టుకోగలవా?"

నాకూ నవ్వొచ్చింది. ఈ ఇంట్లో చేప పొట్ట చీల్చేదెవరు? చైనీస్ కొట్లో కొన్న కోడిని కాళ్ళూ మెడా కోసి కడిగేదెవరు? ధరణి మోకాలు చీరుకుపోతే, సాకేత్ గోడ పట్టుకుని కళ్ళు మూసుకుంటే, గాయం కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళిందెవరు? నెలనెలా నేను చూసేది ఏమిటో అతనికి తెలీదా? రక్తం సంగతి ఆడదాన్నా అడగడం!

కోర్సు నేనూ చేశాను. నాకు ప్రశ్నలు చదివిపెట్టడానికి ఎవరూ లేరు, అవసరమూ రాలేదు. వేసవిలో శనివారాలు లిండా వాళ్ళ స్థలంలో ప్రాక్టీసు. క్రాస్‌బో ముందు కొక్కెంలో కాలు పెట్టి, రెండు చేతులా తాడు లాగి బిగించాలి. మొదటిరోజు భుజాలు పీకేశాయి. నురగతో చేసిన జింక బొమ్మకి, ముందరి కాలు వెనకాల గురి పెట్టమనేది లిండా. "అనుమానం ఉంటే వదలకు. వదలకపోవడం కూడా వేటే," అనేది. ఆ మాట నాకు నచ్చింది. నిజం జింక ఎదురుగా వస్తే బాణం వదులుతానో లేదో నాకు తెలియదు. వదిలితే మాత్రం కోసేదీ నేనే, మోసేదీ నేనే. ఇంకొకరితో కడిగించి ఫొటోలో నేను నిలబడను. సాకేత్ మొదట్లో వెక్కిరించాడు. తర్వాత ఆ సంగతి ఎత్తడం మానేశాడు. అత్తయ్య మాత్రం ఫోన్లో, "ఆడపిల్ల తల్లివి, ప్రాణాలు తియ్యడమేంటమ్మా?" అన్నారు. పోయినేడు ఆవిడ కొడుకు మగపిల్లాడి తండ్రా?

అక్టోబరు వచ్చింది. శుక్రవారం సాయంత్రం భోజనాలయ్యాక చెప్పాను. "రేపు పొద్దున్నే లిండాతో వెళ్తున్నా. ఆదివారం సాయంత్రం వస్తా. నా ఫోన్ ఆఫ్‌లో ఉంటుంది."

సాకేత్ నా వైపూ, గుమ్మం దగ్గర పెట్టిన నా సంచీ వైపూ చూశాడు. నేను నిజంగానే వెళ్తానని అతను అప్పటిదాకా అనుకోలేదు. "ఈ వీకెండా? నేనూ డగ్‌కి వస్తానని చెప్పానే! ధరణికి స్విమ్మింగ్ ఉంది. ఆదివారం ఎవరిదో బర్త్‌డే. గిఫ్ట్ కూడా కొనలేదు." ఒక్కొక్కటీ గుర్తొస్తున్నకొద్దీ అతని గొంతు పెరిగింది. "మరి ఇంట్లో ఎవరుంటారు?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. పోయినేడు వారాంతాలన్నీ అతను అడవికి వెళ్ళినప్పుడు అతను అడగలేదు, అత్తయ్య అడగలేదు, నాకు నేనూ అడుక్కోలేదు. ఆ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ నేనే కాబట్టి, ఎవరికీ అది ప్రశ్నలా కనిపించలేదు.

"నువ్వుంటావు," అన్నాను.