ఒక్క వరసగా పరిచిన పళ్ళు

కడిగిన బ్లూబెర్రీలను పాత నూలు దుప్పటి మీద పోసి, అరచేత్తో మెల్లగా దొర్లిస్తూ తడి ఆరబెడుతోంది ఆమె. వంటగది బల్లంతా నీలంగా ఉంది. మంచినీళ్ళకని వచ్చిన భర్త గ్లాసు పెట్టే చోటు కనబడక అటూ ఇటూ చూసి, "ఆదివారం పూటైనా కాస్త నడుం వాల్చొచ్చుగా? ఈ పళ్ళకి చేసే సేవలో సగం మాకు చేస్తే బాగుపడేవాళ్ళం" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది. అతని చేతిలో గ్లాసు అందుకుని, కడిగి, బోర్లించి, మళ్ళీ పళ్ళ దగ్గరికి వచ్చింది.

ఈ పళ్ళ కాలం ఇట్టే వచ్చి అట్టే పోతుంది. ఆ కాస్త వ్యవధిలో ఏడాదికి సరిపడా దాచుకోవాలి. మొదటిసారి తడి పళ్ళనే సంచిలో పోసి డీప్ ఫ్రీజర్‌లో తోసేసింది. అంతా కలిసి ఒకే బండరాయి అయి కూర్చుంది. రోకలితో పగలగొట్టి కలిపితే కేకు పిండి బట్టలుతికిన నీళ్ళ రంగుకు తిరిగింది. అత్తగారు తొంగిచూసి, "పళ్ళని రాళ్ళు చేసి దాచుకోవడమేంటో, మా రోజుల్లో ఎరగం" అంది. మరుసటి ఏడు ఇంకోలా పాడయింది. పాడయిన ప్రతిసారీ ఏదో ఒకటి తెలిసింది. తడి పూర్తిగా ఆరాలి. ట్రేలో ఒక్క వరసగా, ఒకదానికొకటి తగలకుండా పరవాలి. గడ్డకట్టాకే సంచిలోకి ఎత్తాలి, లోపలి గాలంతా నొక్కి తీసేయాలి. కేకు చేసే రోజున కరగనివ్వకూడదు, పొడిపిండిలో దొర్లించి అలాగే వేసేయాలి. ఇంట్లో ఆమె చేసే పనులన్నీ ఎవరో ఒకరు ఇలా చెయ్యి, అలా చెయ్యకు అని చెప్పినవే. చివరికి దుప్పటి మడతపెట్టడం కూడా. ఇదొక్కటే ఎవరూ నేర్పనిది. ట్రేని ఫ్రీజర్‌లోకి తోసి తలుపు మూస్తున్నప్పుడల్లా ఆమె వెన్ను దానంతటదే నిటారుగా నిలబడేది.

కిందటేడు ఆడపడుచు టీ దుకాణం తెరిచింది. "వదినా, నీ కేకు ఒక్కటి పెట్టి చూస్తానే" అంటూ మొదలై, అది రోజువారీ అయింది. పళ్ళు ఎక్కడా దొరకని కాలంలో బ్లూబెర్రీ కేకు ఉందంటే జనం వెతుక్కుంటూ వచ్చారు. గాజు అరలో కేకు పక్కన ఆడపడుచు ఒక చీటీ అంటించింది: 'మా అమ్మ చేతి రుచి.' ఆ సంగతి భర్తతో అంటే, "ఇంట్లోవాళ్ళ మధ్య నీదీ నాదీ ఏంటి? అమ్మ పేరుంటే నలుగురూ నమ్ముతారు" అన్నాడు. నిజమే కదా అని సర్దిచెప్పుకుంది. ఆమె పనిచేసే ఆఫీసులోనూ అంతే. రిపోర్టు ఆమె రాస్తుంది, మీటింగులో చదివేది ఇంకొకరు. "మీరు కేకు తెస్తారు కదా మేడం, చాలు" అంటాడు మేనేజరు, అదేదో గొప్ప మర్యాద అయినట్టు.

చలికాలంలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి, కేకు డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్ళేసరికి అక్కడ పెద్ద హోటల్లో వంటలన్నీ చూసే ఆవిడ కూర్చుని ఉంది. కేకు ముక్కను రెండుగా విరిచి లోపలికి చూస్తోంది.

"ఈ కాలంలో ఇవి తాజా పళ్ళు కావు, నిలవవే. కానీ ఒక్కటీ చితకలేదు. పిండికి రంగు అంటలేదు. ఎవరిదండీ ఈ చెయ్యి?"

"మా అమ్మదండీ" అంది ఆడపడుచు ఠక్కున. మూల కుర్చీలో ఉన్న అత్తగారు కొంగు సర్దుకుంది.

"ఎలా చేస్తారు పెద్దమ్మగారూ?"

"ఏముందమ్మా, కడిగి ఫ్రిజ్‌లో పడేయడమే."

ఆవిడ మర్యాదగా నవ్వింది. "అలా పడేస్తే ముద్దయిపోతుందండీ. మేం చేసి చూశాం."

ఆమె ఇంకా గుమ్మంలోనే, డబ్బాతో నిలబడి ఉంది. డబ్బా అక్కడ పెట్టేసి వెళ్ళిపోవచ్చు. ఇన్నాళ్ళూ అదే చేసింది. అత్తగారిని నలుగురిలో చిన్నబుచ్చినట్టవుతుందేమో, ఆడపడుచుకు కోపమొస్తుందేమో, ఇంటికెళ్ళాక ఆయన ఏమంటాడో. వాళ్ళందరి గురించీ ఆలోచించింది. వరసలో ఆఖరున తన గురించీ ఆలోచించింది.

"ముందు తడి ఆరాలండీ" అంది. లోపలికి వచ్చి డబ్బా బల్ల మీద పెట్టింది. పరవడం, గడ్డకట్టించడం, గాలి తీయడం, పొడిపిండిలో దొర్లించడం, అన్నీ చెప్పింది. "ఈ కేకు నేనే చేస్తానండీ. మొదటి నుంచీ నేనే."

ఆడపడుచు ముఖం మాడిపోయింది. అత్తగారు మాత్రం కోడలి వంక చూసి, "అవునమ్మా, ఇదే చేస్తుంది. నేను కూర్చుని తింటాను" అంది. "నా చేత్తో చేసినవాటికి మా అత్తగారి పేరే చెప్పుకున్నారు ఎన్నాళ్ళో. అప్పుడు నాకు నోరు రాలేదు."

హోటలావిడ లేచి ఆమె దగ్గరికి వచ్చింది. "సోమవారం మా వంటశాలకి వచ్చి మావాళ్ళకి చూపిస్తారా? వచ్చే పళ్ళ కాలమంతా ఆ పని మీకే అప్పగించాలని ఉంది."

ఇంటికొచ్చాక సంగతి విన్న భర్త, "సోమవారం నీకు ఆఫీసు కదా. చెల్లికి చెప్పి పంపు, అది మాటకారి" అన్నాడు.

"సెలవు పెడుతున్నాను" అంది ఆమె. ఒళ్ళు బాగోకపోయినా పెట్టని సెలవు.

సోమవారం హోటల్ వంటశాలలో పొడవాటి బల్ల చుట్టూ వంటవాళ్ళు నిలబడి ఆమె చేతులకేసి చూస్తున్నారు. విదేశం నుంచి తెప్పించిన పళ్ళట, ఉసిరికాయంత లావున్నాయి. ఒకతను తొందరపడి ట్రేలో గుప్పెడు పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "కంగారు పడకండి. ఒక్కొక్కటీ" అంది. అతను సరేనండీ అన్నాడు. ఆ సరేనండీలో వెక్కిరింత లేదు. ఆమె వెతికినా దొరకలేదు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. భర్త.

"ఇంకా ఆ హోటల్లోనే ఉన్నావా? సాయంత్రం మావాళ్ళు నలుగురొస్తున్నారు. త్వరగా వచ్చి ఏదైనా చెయ్యి."

"కుదరదండీ. పనిలో ఉన్నాను."

"పనేంటి? ఈవేళ సెలవన్నావుగా!"

ఆమె ఫోన్‌ను భుజంతో చెవికి నొక్కిపెట్టి, ట్రే చివర ఖాళీగా మిగిలిన చోట ఆఖరి పండు పెట్టింది.

"సెలవు ఆఫీసుకి. ఇది నా పని" అంది.