జొన్నపిండి చల్లారేదాకా

చాంద్‌బాషా కుంచెతో మరరాళ్ళు దులిపి, నిన్నటి కారం ఘాటు పోవడానికి గుప్పెడు నూకలు వేసి తిప్పాడు. కనుబొమలు, చెవులమీది వెంట్రుకలు, చొక్కా మడతలు, అన్నిటా పిండే. భార్య చాంద్‌బీ ఉన్నన్నాళ్ళూ గుమ్మంలోనే నిలబెట్టి, తువ్వాలుతో దులిపి మరీ లోపలికి రానిచ్చేది. ఆమె పోయాక దులిపేవాళ్ళు లేరు. పిండితోనే పడుకుంటున్నాడు.

తిరువూరులో జనం రొట్టెలు మానేశారా అంటే, లేదు, సుబ్బరంగా తింటున్నారు. పిండి మాత్రం ప్యాకెట్లలో వస్తోంది. చుట్టుపక్కల చేలన్నీ పత్తి, మామిడి, మొక్కజొన్న. ఆ మొక్కజొన్నేమో కల్లంలోంచే కోళ్ళమేతకు లారీ ఎక్కేస్తుంది. గింజే రాని పిండిమరకు కరెంటు ఎందుకు, చాంద్‌బాషా ఎందుకు?

అయినా తలుపు తీసేది సరోజినీదేవి కోసం. షుగరు వల్ల ఆవిడకు జొన్నరొట్టే గతి; నెలకోసారి జొన్నలు తెచ్చి పట్టించుకునేది. వేడిపిండి మీద మూత పెడితే చెమ్మపట్టి పాడవుతుంది గనుక, చల్లారేదాకా బల్లమీద కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. అతనితో ఒక మనిషి తీరిగ్గా మాట్లాడేది ఆ కాసేపే. దానికోసమే నెలంతా ఎదురుచూసేవాడు. ఆవిడ పొలం కౌలుకిచ్చాక అందులో జొన్న వెయ్యడం లేదు. అప్పటినుంచీ గింజ వెతికే పని తనే నెత్తినేసుకున్నాడు.

నిన్న ఖాళీ డబ్బా ఇక్కడ పెట్టి వెళుతూ ఆవిడ అంది: "ఈసారి దొరక్కపోతే వదిలెయ్ బాషా. నేనూ ప్యాకెట్టే తెప్పించుకుంటాలే."

"దొరుకుతాయమ్మా. రేపు సాయంత్రం రండి," అన్నాడు. ఏ ధైర్యంతో అన్నాడో అతనికే తెలీదు.

విస్సన్నపేట కొట్లలో ఉన్నవన్నీ పుచ్చు జొన్నలే. అక్కడెవరో చెబితే షేర్ ఆటో ఎక్కి వినగడప వెళ్ళాడు. అక్కడ రాయప్ప అనే రైతు మిరపచేను చుట్టూ కంచెలా జొన్న వేస్తాడట.

"పిట్టలు తినగా మిగిలినయ్యి విత్తనానికి దాచుకున్నానండి," అన్నాడు రాయప్ప. "అయ్యి మీకిస్తే నేనేం చల్లుకోను?"

"సగమే ఇవ్వయ్యా. వట్టి చేతుల్తో పోతే ఇక నా మర గడప తొక్కేవాళ్ళుండరు."

రాయప్ప సంచి మూతి విప్పాడు.

మూట భుజానేసుకుని ఎండలో రోడ్డుదాకా నడిచాడు. ఎడమచెయ్యి లాగుతుంటే మూటను కుడివైపుకి మార్చుకున్నాడు. మరకు చేరగానే జొన్నలు పోసి, జారే పిండిని వేళ్ళమధ్య నలిపి చూశాడు. మెత్తగా, కమ్మటి వాసనతో ఉంది. డబ్బా నిండింది. ఎన్నాళ్ళకో అతనికి సంతోషం వేసింది. మూత ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ కూర్చునే బల్లమీద ఓ చివర గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

సరోజినీదేవి వచ్చి డబ్బాలో వేలు పెట్టి చూసింది. ఇంకా వేడిగా ఉంది. "దొరికాయన్నమాట!" అంది. అతను కదల్లేదు. అలిసిపోయాడు పాపం అనుకుని, లేపకుండా బల్లకు ఆ చివరన కూర్చుంది. అలవాటుకొద్దీ కబుర్లు మొదలుపెట్టి, గొంతు తగ్గించి, అన్నీ చెప్పింది.

"బాషా, చల్లారిందయ్యా. మూత ఇటివ్వు."

పలకలేదు. చెయ్యి తట్టి చూసింది. చల్లగా ఉంది.

చీకటిపడేలోగా అతన్ని నలుగురూ ఇంటికి చేర్చారు. డబ్బా తీసుకెళ్ళాలని ఆవిడకూ గుర్తురాలేదు. అతని ఒళ్ళోంచి తీసిన మూత కూడా బల్లమీదే ఉండిపోయింది, అంచున పిండి అంటిన వేలిముద్రలతో.