గుడ్డ కప్పిన రెండు కంప్యూటర్లు

ఎదురెదురు దుకాణాలున్న ఇద్దరన్నలకు ఒక్కగానొక్క చెల్లెలై పుట్టడం ఎంత ఇరకాటమో, ఇంట్లో పాత కంప్యూటరు ప్రాణం విడిచిన రోజున గానీ ఆమెకు పూర్తిగా తెలిసిరాలేదు.

ఆమె పని చేసేది కళ్ళద్దాల దుకాణంలో. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు అద్దం మార్చి అద్దం పెడుతూ చూపు పరీక్షిస్తుంది. నలభై నాలుగేళ్ళ మనిషి. ఇంటికి రాగానే మిగతావాళ్ళు టీవీ ముందు కూర్చుంటే, ఆమె కంప్యూటరు ముందు కూర్చునేది. ఊరు కట్టే ఆట. పదకొండేళ్ళుగా ఒకటే ఊరు. మొదట ఒక రోడ్డు, నాలుగిళ్ళు. ఇప్పుడు మూడు లక్షల జనం, నది మీద ఏడు వంతెనలు, ఊరంతా ట్రాములు. ఊరు పెరిగినకొద్దీ కంప్యూటరు ముసలిదైపోయింది. ట్రాములు చీమల్లా పాకేవి. ఒక సాయంత్రం కాలిన వాసన వేసి, తెర నల్లబడి, మరి లేవలేదు. ఊరు మాత్రం పెన్‌డ్రైవులో భద్రంగా ఉంది.

అన్నలిద్దరిదీ కంప్యూటర్లు బిగించి అమ్మే వ్యాపారమే. ఒకప్పుడు ఒకటే దుకాణం. పెద్దవాడు ఎవరికేం కావాలో చెప్పేవాడు, చిన్నవాడు బిగించేవాడు. పెద్దవాడు ఏ చిన్న ప్రశ్న అడిగినా గంటసేపు విడమరచి చెబుతాడని, వచ్చేవాళ్ళంతా ఆయనకు మాస్టారని పేరు పెట్టారు. ఆరేళ్ళ కిందట ఒక మనిషి వస్తే, పెద్దవాడు ఒక ప్రాసెసరు తీసుకోమని చెప్పాడు. చిన్నవాడు స్క్రూ బిగిస్తూనే తలెత్తి, అది ఈయన పనికి దండగ, రెండోది తీసుకోండి అన్నాడు. ఆ మనిషి రెండోదే పట్టుకుపోయాడు. నా దుకాణంలో, నలుగురి ముందు నన్నే తప్పు పడతావా అని పెద్దవాడు. ఉన్నమాట అంటే ఉలుకెందుకని చిన్నవాడు. నెల తిరక్కుండా వీధికి అటొకటి, ఇటొకటి దుకాణాలయ్యాయి. పెద్దవాడు ఒక కంపెనీ ప్రాసెసర్లే అమ్ముతాడు, చిన్నవాడు రెండో కంపెనీవే. ఎవరికి వాళ్ళు తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళే. మాటల్లేవు. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో చెల్లెలే.

ముందు పెద్దన్నయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన టీ తెప్పించి పాఠం మొదలుపెట్టాడు. ప్రాసెసరులో కోర్లంటే పనివాళ్ళ లాంటివి, మా దాంట్లో పనివాళ్ళు ఎక్కువ, మూడు లక్షల జనాన్ని నడపాలంటే ఆ మాత్రం మంది ఉండొద్దా అన్నాడు. ఆమెకు న్యాయంగానే తోచింది. వీధి దాటి చిన్నన్నయ్య దగ్గరికి వెళ్ళింది. పనివాళ్ళు ఎందరుంటే ఏం, సామాను ఎక్కడో గోడౌనులో ఉంటే తెచ్చుకోవడానికే పొద్దు గూకుతుంది, మా దాంట్లో సామాను పనివాడి చేతికందేటట్టు పక్కనే ఉంటుంది, దాన్నే క్యాష్ అంటారు, ఊరు కట్టే ఆటలకు అదే ముఖ్యం అన్నాడు. అదీ న్యాయంగానే తోచింది.

చిక్కల్లా చివరి మాటలతోనే వచ్చింది. "నీ ఇష్టం, చెల్లీ. కానీ నేను మీ ఇంటికి వచ్చినప్పుడు వాడి పెట్టె నా కంట పడకుండా చూసుకో" అన్నాడు పెద్దవాడు. చిన్నవాడు అలాంటి షరతేమీ పెట్టలేదు. అన్నయ్య మాట కాదనే ధైర్యం నీకెక్కడిదిలే అని నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది.

అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది ఆమె పని. భర్త బస్సు డ్రైవరు, నిదానస్తుడు. ఇద్దరి పేర్లూ రాసి చీటీ తీద్దామన్నాడు. లేకపోతే అసలు ఆటే మానెయ్యమన్నాడు. అన్నాక ఆమె మొహం చూసి, మానెయ్యడం సంగతి వెనక్కి తీసుకున్నాడు.

వారం రోజులు ఆమె ఆ ఆలోచనతోనే పని చేసింది. ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని, ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా అని ఆమె అడిగితే, అక్షరాలు చూడటం మాని ఆమె మొహం చూశాడు. ఆమెకేది నచ్చుతుందో అదే చెబుదామని. "నన్ను కాదండీ, బోర్డు చూడండి" అంది ఆమె. అని, తనలో తనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తను చేస్తున్నదీ అదే. అన్నల మొహాలు చూస్తోంది తప్ప కంప్యూటరు చూడలేదు.

ఆ సాయంత్రమే ఇద్దరికీ కబురు పెట్టింది. చెరో కంప్యూటరు బిగించాలి. పెట్టె, గ్రాఫిక్స్ కార్డు, మెమరీ అన్నీ ఒకే రకం. ప్రాసెసరు, అది కూర్చునే బోర్డు మాత్రమే ఎవరివి వాళ్ళవి. సెలవు రోజున తన ఇంట్లో రెండూ పక్కపక్కన పెట్టి, గుడ్డ కప్పి, రెంటిలోనూ తన ఊరినే నడిపి చూస్తుంది. ఏది ఎవరిదో భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. తన కంటికి ఏది బాగుంటే అది. ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. ఎవరి గెలుపు మీద వాళ్ళకు అంత నమ్మకం.

సెలవు రోజు పొద్దున్నే భోజనాల బల్ల ఖాళీ చేసి, రెండు తెరలు నిలబెట్టి, వెనక గాలాడేలా పెట్టెల మీద దుప్పట్లు కప్పారు. ఆరేళ్ళ తర్వాత అన్నలిద్దరూ ఒక గదిలో నిలబడ్డారు. ఒకాయన కిటికీ దగ్గర, ఒకాయన గుమ్మం దగ్గర. ఆమె మధ్యలో కుర్చీ వేసుకుని తన ఊరు తెరిచింది. జనం ఆఫీసులు వదిలే వేళ, వంతెనల మీద ట్రాములు కిటకిటలాడే చోటు. ఎడమవైపు తెర మీద అన్నీ బాగానే కదిలాయి. కుడివైపు రెండు నిమిషాలు నడిచి, తడబడటం మొదలైంది. ట్రాము ఆగి, ఎగిరి, మళ్ళీ ఆగింది.

చిన్నవాడి మొహం పాలిపోయింది. దుప్పటి కింద ఉన్నది తను బిగించినదేనని ఫ్యాను చప్పుడును బట్టి అతనికి అర్థమైనట్టే ఉంది. అతన్ని చూసి ఆమెకూ అర్థమైంది. ఎడమది అని చెప్పేస్తే అయిపోతుంది. పరీక్ష తను పెట్టిందే.

కిటికీ దగ్గరి నుంచి పెద్దవాడు నెమ్మదిగా వచ్చాడు. చాలాసేపు కుడివైపు తెరనే చూశాడు.

"ఇది నాది కాదు, వాడి మొహమే చెబుతోంది" అన్నాడు. "అయినా ప్రాసెసరు ఇలా తడబడదు. ఆ గుడ్డ తీయొచ్చా?"

గుడ్డ తీసి, వంగి, పక్కనున్న గాజు పలకలోంచి లోపలికి చూశాడు. మెమరీ రెండు పలకలూ పక్కపక్క గుంటల్లో ఉన్నాయి. మధ్యలో ఒక గుంట వదలాలి, లేకపోతే రెండూ జోడీగా పనిచెయ్యవు అన్నాడు.

ఆమె కుర్చీలోంచి సగం లేచింది. నలుగురి ముందు తప్పు పట్టడం. పోయిన సారి ఇంతకే దుకాణం రెండైంది. భర్త ఎందుకైనా మంచిదని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

చిన్నవాడు వచ్చి, కంప్యూటరు ఆపి, గాజు పలక ఊడదీశాడు. బోర్డు మీద గుంటల పక్కనున్న గుర్తులను వేలితో తడిమి చూశాడు. పదిహేనేళ్ళుగా కంప్యూటర్లు బిగిస్తున్న చెయ్యి అది.

"నువ్వన్నదే కరెక్టన్నయ్యా" అన్నాడు, తల ఎత్తకుండానే. "గెలవాలన్న కంగారులో చూసుకోలేదు."

మెమరీ పలక తీసి, ఒక గుంట వదిలి నొక్కబోతే పెట్టె కదిలింది. పెద్దవాడు దాని అంచు పట్టుకున్నాడు, కదలకుండా.

మళ్ళీ నడిపారు. ఈసారి కుడివైపు ట్రాములు నీళ్ళ మీద పడవల్లా జారిపోయాయి. ఆమె ఊరంతా తిప్పింది, పైకి లేపింది, మార్కెట్టు వీధిలోకి దింపింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఎడమది మంచిదే, కానీ పక్కనే దీన్ని చూశాక దాని వెనకబాటు కనబడింది. చెప్పడానికి ఆమె నోరు తెరిచేలోపే పెద్దవాడు, "కుడిదే తీసుకో" అన్నాడు.

"కోపం లేదుగా, అన్నయ్యా?" అంది ఆమె.

"కోపమెందుకే? నీ ఊరికి ఇది కుదిరింది. వీడియోలు చేసుకునేవాడు వస్తే మాత్రం నాదే ఇస్తాను, అందులో మొహమాటం లేదు."

"అలాంటివాళ్ళు వస్తే నీ దగ్గరికే పంపిస్తాలే" అన్నాడు చిన్నవాడు.

పెద్దవాడు పెట్టె వెనకనున్న ఫ్యానుకేసి చూసి, గాలి బయటికి పోతోందా, లోపలికి వస్తోందా అని అడిగాడు. అడిగింది చెల్లెల్ని కాదు, తమ్ముణ్ణే. చిన్నవాడు బయటికేనన్నాడు. కాగితం ముక్క పెట్టి చూడమన్నాడు పెద్దవాడు. చూడక్కర్లేదన్నాడు చిన్నవాడు. వాదన వరండాలోకి వెళ్ళింది, అక్కణ్ణించి మెట్ల మీదికి. గొంతులు పెరిగాయి గానీ ఎవరూ వెళ్ళిపోలేదు.

భర్త వంటింట్లోంచి తొంగిచూసి, ఆపమంటావా అని కళ్ళతోనే అడిగాడు. వద్దని తల ఊపి, ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. నదికి అవతల ఖాళీ నేల చాలా ఉంది. పాత కంప్యూటరు మోయలేదన్న భయంతో అటు ఎన్నడూ పోలేదు. ఎనిమిదో వంతెనకు మొదటి స్తంభం నీళ్ళలో పాతింది.