తువ్వాలు కింద తీర్పు

ఆ ఏడు ఉగాదికి వారం ముందు, బళ్లారి బజారులో రాజగోపాలయ్య చేతిలో ఉన్నవి ఇవి: పది అడుగుల గది, ఒక కలర్ టీవీ, డబ్బులకు జనాన్ని ఆడించే ఒక వీడియోగేమ్ పెట్టె, నాలుగు క్యాసెట్లు. లేనిది ఒక్కటే, ఆయన మాట మీద జనానికి నమ్మకం.

అది పోగొట్టుకున్నది తన లెక్క వల్లనే. ఇరవై ఏళ్లు పత్తి యార్డులో దళారీగా బతికిన మనిషి కదా, ఆటలను కూడా బస్తాల్లాగే లెక్కపెట్టాడు. పైన '999 ఆటలు' అని రాసి ఉన్న క్యాసెట్టు తెచ్చి, గుమ్మం పక్కన పలక మీద "కొత్త సరుకు, నంబర్ వన్" అని రాశాడు. తీరా ఆడితే లోపల ఉన్నవి నాలుగే. వాటికే రంగులు మార్చి, పేర్లు మార్చి, తిప్పి తిప్పి పెట్టారు. ఆ వారంతో జనం రావడం మానేశారు. "ఉగాదికి కూడా ఇట్లనే ఉంటే మా తమ్ముడు ఈడ స్టీలు సామాన్లు దించుతాడు" అని భార్య పద్మావతమ్మ తేల్చి చెప్పింది.

అప్పుడు దిగాడు బెంగళూరు ఏజెంటు సీతారామారావు, రెండు కొత్త క్యాసెట్లతో. ఒకటి బంగారు లేబుల్‌ది, కార్ల పందెం, డెబ్బై ఆరు రోడ్లు. రెండోది నల్లది, లోపల ఒకటే ఆట. రాజగోపాలయ్య కొనగలిగింది ఒక్కటే. కొన్నాక వాపసు లేదు.

"బంగారుదే తీసుకోండి సార్. బెంగళూరులో దీనికోసం కొట్టుకుంటున్నారు!"

"కొట్టుకోనీ. ఈడ ఆడి చూడాల."

ఆడటంలో కురుగోడు బస్సు కండక్టరు దేవప్పను మించినవాడు బజారులో లేడు. బస్సు బయలుదేరడానికి ఇంకా గంట ఉంది. సీతారామారావు పెట్టించిన మిరపకాయ బజ్జీలు తింటూ, ఒంటిచేత్తోనే కార్లు నడిపాడు.

"భలే ఉండాది సావుకారూ! ఏం కార్లు, ఏం స్పీడు!"

సీతారామారావు బిల్లు పుస్తకం తెరిచాడు. రాజగోపాలయ్య చూపు మాత్రం ఆ బజ్జీల మీద ఆగింది. భుజం మీది తువ్వాలు తీసి దేవప్ప చేతి మీద కప్పాడు. పత్తి యార్డులో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చేయి పట్టుకుని వేళ్లు నొక్కుతారు. పైన నోరు ఏమన్నా అననీ, బేరం వేళ్లదే.

"పదికి ఎన్ని?"

"ఇదేంది సావుకారూ, నేనేం పత్తి అమ్మొచ్చినానా?" అని దేవప్ప నవ్వాడు. నవ్వుతూనే రెండు వేళ్లు నొక్కాడు.

రెండే! ఇంకొంచెముంటే మళ్లీ మునిగేవాడు.

నల్లది పెట్టారు. కొండ లోపల ఒక మనిషి గునపంతో సొరంగం తవ్వుకుంటూ పోతాడు, వెనక నీళ్లు తరుముకొస్తాయి. అంతే ఆట. దేవప్ప రెండు చేతులూ మీటల మీదికి పోయాయి. బజ్జీలు చల్లారాయి. బయట బస్సు హార్న్ మోగింది.

గుమ్మం దగ్గర మల్లెపూలు అమ్మే దుర్గక్క కేకేసింది. "ఓ దేవప్పా, నీ బస్సు పోతాండాది!"

"ఉండక్కా, నీళ్లు వస్తాండాయి!"

"యాడ నీళ్లు?" అంటూ లోపలికొచ్చిన దుర్గక్క మళ్లీ బయటికి పోలేదు. "ఎడంపక్క తవ్వరా, ఆ పక్క రాయి లేదు! అయ్యో, నీకు చేతకాదు, ఇట్లియ్యి!" అని మీటల డబ్బా లాక్కుంది.

దేవప్ప తువ్వాలు కింద ఐదు వేళ్లూ నొక్కాడు. వదిలి మళ్లీ ఐదూ నొక్కి, బస్సు కోసం పరుగెత్తాడు.

"దుర్గక్కా, నీ మాట ఏంది?"

"నాకు తువ్వాలు గివ్వాలు బేడప్పా, వద్దే వద్దు. బయట నా బుట్ట చూడు."

చూశాడు. సగం పూలు మేక తినేసింది.

"ఆట పట్టినంక నాకేమీ కనపళ్లే. మేక తిన్నదానికి నువ్వే కట్టియ్యాల!"

రాజగోపాలయ్య నల్లది కొన్నాడు. "ఒక్క ఆటకు ఇంత పెడుతున్నారు, మీ ఇష్టం" అంటూ సీతారామారావు సంచి సర్దుకున్నాడు. రాజగోపాలయ్య పలక తుడిచి కొత్తగా రాశాడు: "999 ఆటలది, ఒక వేలు. లోపల నాలుగే, మోసపోయింది నేనే. బంగారు కార్లు, రెండు వేళ్లు. కొండ తవ్వేది, పది." మొదటి వరుస చదివి జనం పగలబడి నవ్వారు. చివరి వరుస చదివి లోపలికి తోసుకొచ్చారు. దేవప్ప టికెట్లు కొడుతూ దారి పొడుగునా అదే చెప్పాడేమో, సాయంత్రానికి కురుగోడు బస్సు దిగినవాళ్లు నేరుగా గది ముందుకే వచ్చారు.

ఉగాది నాటి లెక్క ఇది. గది అదే, టీవీ అదే, క్యాసెట్లు ఐదు. ఖర్చు, క్యాసెట్టు ధర కాక సగం బుట్ట మల్లెపూలు. గుమ్మం నుంచి మురుగుకాలువ దాకా వరుస. స్టీలు సామాన్లు దించడానికి వచ్చిన బావమరిది ఆ వరుసలో పదకొండోవాడు. తమ ఊళ్లోనూ ఇలాంటి గది పెట్టాలని మోక నుంచి సైకిలు మీద వచ్చిన ఇద్దరైతే లోపలికే రాలేదు. పలక చదివి, "బంగారుది రెండు వేళ్లేనంట, కొనేది బేడ" అనుకుని వెళ్లిపోయారు. వాళ్ల వల్ల ఒక్క పైసా రాలేదు. రాజగోపాలయ్య మాత్రం లాభం కింద మొదట వాళ్లిద్దరినే రాసుకున్నాడు.